జవాబు చెప్పని గైడు

ఆ జంతుశాస్త్ర విభాగంలో ఒక పద్ధతి ఉండేది. ఎవరు పెట్టారో తెలియదు, తీసేయాలని ఎవరికీ తోచలేదు. రివ్యూ రోజున పరిశోధన చేసిన మనిషి తెర పక్కన నిలబడి బొమ్మలు మార్చాలి. కమిటీ ప్రశ్న వేస్తే గైడు జవాబు చెప్పాలి. నిలబడ్డ మనిషి తల ఊపాలి. అలా తల ఊపి ఊపి డాక్టర్లయినవాళ్లలో చిన్నమేడం కూడా ఉంది. ఆమె గైడు పెద్దసారు. అదే విభాగంలో ఉద్యోగం వచ్చాక కూడా, సెమినార్లో ఎవరైనా ఏదైనా అడిగితే ఆమె కళ్లు ముందు పెద్దసారు కూర్చున్న వైపే వెళ్లేవి. టైమెంతయిందని అడిగినా అంతే.

ఉద్యోగంలో చేరిన కొన్నాళ్లకు ఆమె చేతికి తొలి విద్యార్థిని వచ్చింది. పాత లైబ్రరీ గోడ పగుళ్లలో కాపురముంటున్న నల్లచీమల మీద పరిశోధన. పొద్దస్తమానం గోడకేసి చూస్తూ కూర్చునే ఆ పిల్లకు విభాగమంతా కలిసి చీమలమ్మాయి అని పేరు పెట్టింది. కొత్తగా వచ్చిన వాచ్‌మన్ ఆమెను చూసి, ఇంట్లో వాళ్లతో గొడవపడి వచ్చిందనుకుని ఓదార్చబోయాడు కూడా.

గైడుగా ఎలా ఉండాలో చిన్నమేడానికి ఎవరూ నేర్పలేదు. కారు నడపడం నేర్పాలంటే లైసెన్సు అడుగుతారు. ఒక మనిషి చేత పరిశోధన చేయించడానికి మాత్రం గది తలుపు మీద పేరుంటే చాలు. అందుకని ఆమె తనకు జరిగిందే ఆ పిల్లకూ చేసింది. పిల్ల రాసిన అధ్యాయం తీసుకుని మొదటి వాక్యం నుంచి చివరిదాకా తానే తిరగరాసింది. అవసరం లేదనిపించింది కొట్టేసింది. ప్రేమతోనే చేసింది, అది వేరే సంగతి.

మొదటి రివ్యూలో బయటి కాలేజీ నుంచి వచ్చిన సభ్యురాలు, నెరిసిన జుట్టావిడ, కళ్లజోడు పైకి తోసుకుని ఒక్కటే అడిగింది.

"తిండి ఎత్తుకెళ్లిన చీమే మళ్లీ వచ్చిందంటున్నారు. అదే చీమని ఎలా తెలుసు?"

"వీపు మీద రంగు చుక్క పెట్టాం మేడం," అంది చిన్నమేడం తడుముకోకుండా.

తెర పక్కన చీమలమ్మాయి తల ఊపింది. కమిటీ బాగుందంది. పెద్దసారు తన శిష్యురాలి వైపు చూసి మీసం దువ్వుకున్నారు.

బయటికి వచ్చాక ఆ పిల్ల వరండాలో స్తంభం పక్కకు పోయి నిలబడింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మేడం, నేను చీమలకి చుక్కలు పెట్టలేదు. గోడ మీద కన్నాల పక్కన పెట్టాను. ఏ కన్నంలోకి ఎన్ని పోతున్నాయో లెక్కేశాను, అంతే."

చిన్నమేడానికి అప్పుడు గుర్తొచ్చింది. చీమల వీపుల మీద చుక్కలు పెట్టింది తాను, తన థీసిస్ కోసం. పిల్ల అధ్యాయం తిరగరాస్తూ తన పనిని అందులో కలిపేసింది. అడిగినప్పుడు తన జవాబే చెప్పింది.

"మరి అక్కడే చెప్పొచ్చు కదా?"

"ఎలా చెప్తాను మేడం? మాట్లాడాల్సింది మీరు కదా."

తర్వాతి రివ్యూలో ఆ పిల్ల సీటు ఉంచాలో తీసేయాలో తేలుస్తారు. చేయని పని చేసినట్టు చెప్పారని బయటపడితే ముందు ఊడేది ఆ సీటే. గైడు కుర్చీకి ఏమీ కాదు.

చిన్నమేడం నేరుగా పెద్దసారు గదికి వెళ్లింది. ఆయన విని నవ్వారు.

"ఇంతేనా? ఇప్పుడు పెట్టించవమ్మా చుక్కలు. నాలుగు చీమలకి పెడితే సరి. ఎవడొచ్చి చూస్తాడు?"

"అది అబద్ధం కదా సార్."

"అబద్ధమని ఎవరన్నారు? ముందూ వెనకా అయింది, అంతే. తెలీక అడుగుతా, నీ వెనక నిలబడి నేను మాట్లాడినప్పుడు నీకేమన్నా నష్టం జరిగిందా?"

జరిగిందని ఆమెకు అప్పుడే తట్టింది. లేచి ఇంటికి వెళ్లిపోయింది.

ఇంట్లో అమ్మ ఉతికిన బట్టలు మడతపెడుతూ అంతా విని, దుప్పటి ఒక కొస కూతురి చేతికిచ్చింది.

"ఏమే, ఉద్యోగం ఇప్పించినాయనకి ఎదురు తిరుగుతానంటావు. బుద్ధుందా?"

"ఉద్యోగం పరీక్ష రాసి తెచ్చుకున్నానమ్మా."

"అదే, ఆయన చలవే కదా. ఆ పిల్లకి నువ్వే కూర్చుని అన్నీ రాసిపెట్టు, పీడా పోతుంది."

"రాసిపెట్టడం వల్లే వచ్చింది పీడ."

"అయితే సరిగ్గా లాగు, దుప్పటి వంకర పోతోంది," అంది అమ్మ. ఆ ఇంట్లో చర్చలన్నీ అలాగే ముగుస్తాయి.

మర్నాడు చిన్నమేడం తన రాత మొత్తం పక్కన పడేసి, పిల్ల మొదట రాసిన కాగితాలే ముందు పెట్టుకుంది. ఈసారి పెన్ను ముట్టుకోకుండా అడగాలని నిర్ణయించుకుంది. అడగడం మాత్రం ఆమెకు చేతకాలేదు. "ఈ మాట ఎందుకు రాశావు?" అంది. తిట్టారనుకుని పిల్ల ఆ మాట కొట్టేసింది. "ఎందుకు కొట్టేశావు?" అంది. పిల్ల మళ్లీ రాసింది. ఇద్దరూ నీరసపడ్డారు. చివరికి చిన్నమేడం లేచి తన కుర్చీ చూపించింది.

"నువ్విందులో కూర్చో. నేను స్టూడెంటుని. నువ్వు అడుగు."

పిల్ల కుర్చీ అంచున కూర్చుంది. మెల్లగా అడిగింది.

"మేడం, వాన తర్వాతి సంగతి నేను రాస్తే మీరెందుకు తీసేశారు?"

చిన్నమేడం కాగితం తిరగేసి చదివింది. గోడకు చెమ్మ పాకుతున్నప్పుడు, ఒక కన్నంలోకి తడి చేరకముందే అందులోకి పోయే చీమలు తగ్గిపోయాయి. ఆ పక్క కన్నంలోకి పోయేవి పెరిగాయి. తన థీసిస్‌లో అలాంటిది లేదు కాబట్టి ఆమె దాన్ని అనవసరమనుకుంది. అధ్యాయం మొత్తంలో ఆ పిల్ల సొంతంగా కనిపెట్టింది అదొక్కటే.

"నాకు తెలీనిది కాబట్టి తీసేశాను," అంది చిన్నమేడం. "ఇంకా అడుగు."

ఆ తర్వాత ఆ పిల్ల ఆగలేదు. కొన్ని ప్రశ్నలకు చిన్నమేడానికి కోపం కూడా వచ్చింది. చేతులు కట్టుకుని కూర్చుంది.

రెండో రివ్యూకి గది నిండా అధ్యాపకులున్నారు. చీమలమ్మాయి బొమ్మలు మొదలుపెట్టకముందే చిన్నమేడం లేచింది.

"పోయినసారి చీమలకి చుక్కలు పెట్టామని చెప్పాను. పెట్టలేదు. పొరపాటు నాది, ఈ అమ్మాయిది కాదు. ఇవాళ ఆమె పనికి ఆమే జవాబు చెప్తుంది. నేను చెప్పను."

కుర్చీలు కిర్రుమన్నాయి. పెద్దసారు చెయ్యి ఊపారు.

"కూర్చోమ్మా, ఆవేశపడకు. నేను చూసుకుంటా."

"మీరు చూసుకోవద్దు సార్."

ఆ గదిలో ఆయనతో అలా మాట్లాడినవాళ్లు అంతకుముందు లేరు. నెరిసిన జుట్టావిడ కాగితాల మీంచి తలెత్తి పిల్లను సూటిగా చూసింది.

"అయితే అదే చీమ మళ్లీ వచ్చిందని నీకు తెలీదన్నమాట."

పిల్ల కళ్లు చిన్నమేడం వైపు వెళ్లాయి. పెద్దసారు గొంతు సవరించుకుని "అసలు విషయం ఏంటంటే..." అన్నారు.

"సార్, అడిగింది ఆ అమ్మాయిని," అంది చిన్నమేడం.

"తెలీదు మేడం," అంది చీమలమ్మాయి ఎట్టకేలకు. "నా లెక్కతో అది చెప్పలేం. చీమలు కన్నాలు మారుతున్నాయని మాత్రం చెప్పగలను. తడి రాకముందే మారుతున్నాయి. ఎలా పసిగడుతున్నాయో ఇంకా తెలీదు. అది చూస్తాను." తర్వాత బొమ్మ మార్చింది. చెప్పడం మొదలుపెట్టింది. మధ్యలో తడబడింది, వెనక్కి వెళ్లింది, మళ్లీ చెప్పింది.

కమిటీ మిగతా అందరినీ బయటికి పంపి తలుపు వేసుకుంది. లోపల గొంతులు పైకి లేచాయి, దిగాయి. తలుపు తెరిచాక నెరిసిన జుట్టావిడే చెప్పింది. ఆ అధ్యాయం చెల్లదు, వాన సంగతితో మళ్లీ మొదలుపెట్టాలి. సీటు ఉంటుంది.

పెద్దసారు వెళ్తూ చిన్నమేడం ముందు ఆగారు. "నీ కింద ఇంకెవరూ చేరకుండా చూస్తా."

"చూడండి సార్. చేరిన పిల్ల ముందు పూర్తి చేయాలి కదా," అంది ఆమె, పక్కకు తప్పుకోకుండా.

ఆయన వెళ్లాక చీమలమ్మాయి కాగితాలు సర్దుకుంటూ అంది.

"మేడం, ఏమనుకోకండి. ఈసారి అధ్యాయం మొత్తం రాసేదాకా మీకు చూపించను."

చిన్నమేడానికి అరికాలి మంట నెత్తికెక్కింది. సీటు నిలబెట్టిన మనిషితో మాట్లాడే తీరేనా ఇది? నోరు తెరిచింది, ఆ పిల్ల మొహం చూసింది. అందులో భయం లేదు.

"చూపించకు," అంది. "కానీ తప్పులుంటే చీల్చి చెండాడతా."

"నేను ఊరుకుంటానా మేడం," అంటూ ఆ పిల్ల గోడ దగ్గరికి వెళ్లిపోయింది.