ఫట్‌ఫటీ తాగేసిన నా విషం

సహోదరులారా, సహోదరీలారా, నేను తాగుబోతును! ఇప్పుడు కాదు, కంగారుపడి పక్కవాళ్ల మొహాలు చూడకండి. ఆరేళ్ల క్రితం, నిజాం మీద పోలీసు చర్య జరిగిన రోజుల వరకు, ఈ తిరుమలగిరి బజారులో యాకోబు మిస్త్రీ అంటే పొద్దున్నే చేతులు వణికేవాడు, సాయంత్రానికి నోరు పారేసుకునేవాడు, ఆదివారం గుడి గంట వినబడితే దుప్పటి తల మీదికి లాక్కునేవాడు, అదీ నా బతుకు. మూడు వారాల నుంచి పాస్టరు అయ్యగారు నా వెంటపడి సాక్ష్యం చెప్పు, సాక్ష్యం చెప్పు అంటున్నారు గనుక ఈ రోజు లేచి నిలబడ్డాను. మడ్డి అంటిన చేతులతో నిలబడ్డానని ఎవరూ మొహం చిట్లించకండి, ఇది సబ్బుకు పోయే మడ్డి కాదు.

యుద్ధకాలంలో నేను మిలిటరీ వర్క్‌షాపులో పనిచేశాను. యుద్ధం ముగిశాక అక్కడ ఒక పెద్ద అమెరికా ఫట్‌ఫటీని ఎవరికీ పనికిరాదని తుక్కులో పడేస్తుంటే నేను తెచ్చుకున్నాను. ఆహా, ఏం మోటారు సైకిలు సహోదరులారా! రెండు సిలిండర్లు, మంచమంత వెడల్పు హ్యాండిలు, పక్కన మనిషి కూర్చోవడానికి సైడుకారు, కాలితో క్లచ్చి తొక్కి చేత్తో గేరు వేయాలి, ఆ కిటుకు తెలియనివాడు ఎక్కితే గోడకు గుద్దుకోవడమే. దాని ట్యాంకులు రెండు, ఎడమవైపు పెట్రోలు, కుడివైపు ఇంజను నూనె. ఈ ఎడమ, కుడి సంగతి గుర్తుంచుకోండి, నా పాపమంతా అక్కడే బయటపడింది. ప్రతి శనివారం దాని గొలుసు కిరోసిన్‌లో కడిగేవాణ్ని, వాల్వులు సరిచేసేవాణ్ని, తుడిచిన బట్టతోనే మళ్లీ తుడిచేవాణ్ని, పసిబిడ్డకు స్నానం చేయించినట్టు చేయించేవాణ్ని. ఇంట్లో మాత్రం నీళ్ల కుండ కూడా ఎత్తి ఎరుగను.

ఆ బండి మీద బీదరు వెళ్లాను, మెదక్ వెళ్లాను, నాగపూరు రోడ్డున నిర్మల్ ఘాటు దాకా వెళ్లి వచ్చాను. సైడుకారులో దోస్తులు, దోస్తుల ఒళ్లో సీసాలు! నా భార్య మార్తమ్మ మాత్రం దాంట్లో ఒక్కసారి కూడా కూర్చోలేదు. ఆమె అడగలేదు, నేను పిలవలేదు. మాకు ఇద్దరు బిడ్డలు పుట్టి పుట్టగానే పోయారు, రెండోసారి బిడ్డ పోయిన రోజున నేను బీదరు కోట దగ్గర తాగి పడుకుని ఉన్నాను. ఈ మాట చెప్పడానికి నా నాలుక ఎంత బరువుగా ఉందో ఆ దేవుడికే తెలుసు.

ఇక నా తాగుడు సంగతి వినండి. సారా బట్టీలో పనిచేసే ఒక దోస్తు నాకు నీళ్లు కలపని స్పిరిట్ తెచ్చి ఇచ్చేవాడు, అగ్గిపుల్ల చూపిస్తే భగ్గుమనే సరుకు. ఒక వంతు దానికి మూడు వంతులు నీళ్లు కలిపి తాగేవాణ్ని. ఇంట్లో దొరికితే మార్తమ్మ పారబోస్తుందని, రేకుల షెడ్డులో నూనె డబ్బాల మధ్య ఒక డబ్బాలో పోసి, దాని మీద నా చేత్తోనే ఎర్ర రంగుతో పెద్ద పెద్ద అక్షరాలతో "విషం" అని రాశాను. చూశారా నా తెలివి! ఎవరూ ముట్టరు, ఎవరూ మూత తీయరు. నేనొక్కణ్నే రోజూ ఆ విషం డబ్బా దగ్గర మోకాళ్లూనేవాణ్ని, దేవుడి ముందు వంగని మోకాళ్లు అక్కడ బాగా వంగేవి.

పోలీసు చర్య రోజులు వచ్చాయి. అంతకు ముందు నెలల నుంచే బయటి సరుకు నిజాం రాష్ట్రంలోకి రావడం ఆగిపోయి, పెట్రోలు కంటికి కనబడడమే గగనమైంది. మార్తమ్మకు నెలలు నిండాయి. ఆమె నోరు తెరిచి నన్ను అడిగింది ఒక్కటే: "ఈ పారి జెర ఇంట్ల ఉండు." సరేనన్నాను, కానుపు నాటికి అక్కరపడుతుందని చిన్న డబ్బాలో పెట్రోలు దాచాను, అది నేను చేసిన ఒక్క మంచి పని, దాన్ని కూడా పాడుచేసుకున్నాను! యూనియన్ సైన్యం వస్తోందని, ఏమవుతుందో తెలియదని బజారంతా తలుపులు మూసుకున్న మధ్యాహ్నం, భయానికి మందు అదేనన్నట్టు రెండు గ్లాసులు తాగి, బండిని సిద్ధం చేద్దామని షెడ్డులోకి వెళ్లి, దాచిన పెట్రోలంతా ట్యాంకులో పోసి మూత బిగించి, మహా ఘనకార్యం చేసినవాడిలా పడుకున్నాను.

మర్నాడు తెల్లవారాక మార్తమ్మకు నొప్పులు మొదలయ్యాయి. మా పక్కింట్లో దూదేకుల జైనబీ అమ్మ ఉండేది, మా వాడలో సగంమంది పిల్లలు ఆ ముసలమ్మ చేతిలోనే పుట్టారు. ఆమె కొడుకు ఖాసిం తలుపుకు అడ్డంగా నిలబడి "బయట మనోళ్లకు ఏమైతదో ఏమో, పోకమ్మా" అని బతిమాలుతుంటే వాణ్ని పక్కకు తోసి, ఆముదం సీసా చంకన పెట్టుకుని వచ్చింది. వచ్చి, కడుపు తడిమి, ఒక గంట చూసి, నన్ను వాకిట్లోకి పిలిచింది. "బిడ్డ అడ్డం తిరిగింది యాకోబూ. నాతోని కాదు. డాక్టరమ్మ తాన్కి తోల్కపో, లేకుంటే ఇద్దరు దక్కరు."

మిషను ఆసుపత్రి అక్కడ సికింద్రాబాదు ఊళ్లో ఉంది, జట్కాలు లేవు, బస్సులు లేవు, రోడ్డు మీద పిట్ట కూడా లేదు. ఉన్నది నా ఫట్‌ఫటీ ఒక్కటే! ఖాసిం కూడా ఇక ఉండబట్టలేక వచ్చి చెయ్యి వేశాడు, ఇద్దరం మార్తమ్మను షెడ్డులోకి ఎత్తుకెళ్లి సైడుకారులో కూర్చోబెట్టాం. నేను ట్యాంకు మూత తీసి చూశాను. ఎడమ ట్యాంకు అడుగు దాకా ఎండిపోయి ఉంది. కుడి మూత తీశాను, గుప్పున పెట్రోలు వాసన. నూనె పోసే ట్యాంకులో పోశాను సహోదరులారా, తాగిన మైకంలో ఆఖరి చుక్క దాకా నూనెలో కలిపేశాను! ఇటు పెట్రోలూ పోయింది, అటు నూనె నీళ్లలా పలచబడింది, అలాగే నడిపితే ఇంజను వీధి చివర దాటకుండానే బిగుసుకుపోతుంది.

ఇప్పుడు చెప్పబోయేది పాస్టరు అయ్యగారికి కూడా చెప్పలేదు. నేను మిస్త్రీని గనుక నాకు ఆ క్షణంలోనే తెలుసు, ఆ విషం డబ్బాలో ఉన్న స్పిరిట్‌తో బండి నడుస్తుంది. తెలిసి కూడా కదలలేదు. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి, బట్టీ దోస్తు ఊరు విడిచి పారిపోయాడు, అదే ఆఖరి డబ్బా, అది పోతే రేపు నేనేం తాగాలి? భార్య నొప్పులతో అరుస్తుంటే, కడుపులో బిడ్డ అడ్డంగా ఉంటే, నేను ఆలోచించింది అది! ఛీ, మనిషినా నేను! అప్పుడే అక్కడే మడ్డి నేల మీద మోకాళ్ల మీద పడి ఏడ్చాను. "ప్రభువా, నా చెయ్యి దాన్ని ఎత్తలేకపోతున్నది. నాకు నా భార్య కంటే అదే ఎక్కువైపోయింది. నన్ను నా నుంచి విడిపించు తండ్రీ, నా వల్ల కాదు" అని, అంతే, ఇంకో మాట రాలేదు.

తల ఎత్తేసరికి మార్తమ్మ పళ్లు బిగబట్టి నన్నే చూస్తున్నది. "ఏం జూస్తున్నవ్? ఆ విషం డబ్బల ఏమున్నదో నాకు మూడేండ్ల సంది ఎరుకే. అది మండుతదని తాగినప్పుడల్లా నువ్వే అంటివి గద. దాన్ని బండిల పొయ్!"

మూడేళ్లు! మూడేళ్లు ఆమెకు తెలుసు, తెలిసి కూడా ఒక్కనాడూ పారబోయలేదు, నా అంతట నేనే పారబోసే రోజు కోసం ప్రార్థన చేస్తూ ఊరుకుంది. నేను లేచి డబ్బా ఎత్తాను. సహోదరులారా, చెయ్యి వణకలేదు! ఎడమ ట్యాంకులో ఆఖరి చుక్క దాకా పోశాను. కుడి ట్యాంకు మర విప్పి పాడైన నూనె కింద వదిలేశాను, మరి కొత్త నూనె ఏది? జైనబీ అమ్మ చేతిలోని ఆముదం సీసా మీద నా చూపు పడింది. వెనకటి పందెం బండ్లకు ఆముదమే పోసేవాళ్లని వర్క్‌షాపులో దొరలు చెప్పగా విన్నాను. "అమ్మా, అది ఇయ్యి" అంటే ఆమె నా మొహం చూసి "అరే, ఇది కడుపుకు రాసే నూనె, ఇనుముకు పోస్తవా? పాగల్ గిట్ల అయినవా?" అంటూనే ఇచ్చేసింది, అది చాలదని ఖాసిం పరుగున వెళ్లి ఇంట్లో ఉన్న దీపాల ఆముదం కుండ కూడా తెచ్చాడు. స్పిరిట్‌కు తగ్గట్టు కార్బొరేటరు సూదిని రెండు చుట్లు వదులుచేశాను. కిక్కు కొట్టాను, దగ్గింది. మళ్లీ కొట్టాను, ఉమ్మింది. ఆరోసారి "యేసయ్యా!" అని అరిచి కొట్టాను, షెడ్డు రేకులు అదిరిపోయేలా మోగింది! దేవునికే మహిమ!

జైనబీ అమ్మ కొడుకు మాట వినకుండా నా వెనక ఎక్కి కూర్చుంది. "ఈ పిల్లను ఇట్ల ఇడిచిపెట్టి నేను ఇంట్ల కూసుంటనా?" అన్నది. కార్ఖానా బస్తీ దాటాక సైనికులు తుపాకులు అడ్డం పెట్టి ఆపారు. నా వెనక బురఖాలో ముసలమ్మ, పక్కన అరుస్తున్న గర్భిణి, బండి వెనక పొగలోంచి ఊరంతటికీ సరిపోయే సారా వాసన! ఒక పెద్ద మీసాల జవాను దగ్గరికి వచ్చి ముక్కు ఎగబీల్చి, తాగి నడుపుతున్నావా అని గద్దించాడు. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట ఏమిటో తెలుసా? "మై నహీ సాబ్, గాడీ పీ కే ఆయీ హై!" నేను కాదు దొరా, బండే తాగొచ్చిందని! అది అబద్ధం కూడా కాదు కదా! ఆ జవాను సైడుకారులోకి చూశాడు, మార్తమ్మను చూశాడు, నవ్వు ఆపుకోలేక నవ్వి, తుపాకీ పక్కకు తీసి, ముందున్నవాళ్లకు దారి ఇమ్మని కేక వేశాడు. అంత ఘోరమైన రోజున మమ్మల్ని నవ్వుతో దాటించిన దేవుడు ఎంత మంచివాడు!

డాక్టరమ్మ గంటన్నర లోపలే ఉంది. నేనూ జైనబీ అమ్మా వరండాలో పక్కపక్కనే కూర్చున్నాం, ఆమె తన భాషలో ఆమె దేవుణ్ని అడుగుతోంది, నేను నా భాషలో అడుగుతున్నాను, ఇద్దరం అడిగింది ఒక్కటే. అప్పుడు లోపల బిడ్డ ఏడ్చింది. ఆ ఏడుపు విని నేను చేసిన గోల ఆసుపత్రి నర్సమ్మలు ఇప్పటికీ చెప్పి నవ్వుతారు. తల్లీ దక్కింది, బిడ్డా దక్కింది. అదిగో ముందు వరుసలో కాళ్లు ఊపుతూ కూర్చుంది మా కృపమ్మ, ఊపకు బిడ్డా, బెంచీ కదులుతోంది!

ఆ రోజుతో తాగుడు దానంతట అదే మాయమైందని చెబితే నేను అబద్ధికుణ్ని. ఆ వారమంతా ఒళ్లు మంటలు, చెమటలు, గోడలు నా మీదికి వచ్చేవి. మార్తమ్మ బాలింత, అయినా పసిబిడ్డను నా ఒళ్లో పెట్టి "పట్టుకో, చేతులు ఖాళీగ ఉంచకు" అనేది. బిడ్డను పట్టుకుని వణుకుతూ ప్రార్థించేవాణ్ని, ఒక రోజు, తర్వాత ఇంకో రోజు, అలా అలా ఆరేళ్లు నడిపించాడు నా ప్రభువు. ఒక్క చుక్క ముట్టలేదు.

నేను డబ్బా ముందు నిలబడి ఆలోచించిన ఆ క్షణం సంగతి మార్తమ్మకు ఇంతవరకు చెప్పలేదు. మార్తమ్మా, ఇప్పుడు వింటున్నావు, అందరి ముందు అడుగుతున్నాను, నన్ను క్షమించు.

చూశారా, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. ఇది కూడా ఆమెకు అప్పుడే తెలిసి ఉంటుంది, నేనే పిచ్చివాణ్ని.

సహోదరులారా, మీ ఇళ్లలో కూడా ఎవరూ ముట్టకూడదని పేరు రాసి దాచుకున్నది ఏదో ఉంటుంది, నన్ను అడిగితే చెప్పకండి, ఆయనకు చెప్పండి. బాగుపడ్డాక వస్తానని ఆగకండి, చేతులు వణుకుతుండగానే రండి, మడ్డి నేల అయినా సరే మోకాళ్లూనండి, ఆయన వింటాడు, నా మాట విన్నాడు! నడవలేనంత బలహీనంగా ఉంటే మా ఇంటికి కబురు పంపండి. ఏ వేళైనా సరే నేనే వచ్చి గుడికి తీసుకొస్తాను, సైడుకారులో చోటుంది.