సిద్ధమ్మ వేసిన సూదులు

పుంగనూరు దగ్గర పల్లెలో సిద్ధమ్మ సూది వేస్తే ఆవు కూడా తోక కదిపేది కాదు. పశువుల ఆసుపత్రి దూరం. పాడి మీద బతికే మనిషి కాబట్టి ఆ విద్య తానే నేర్చుకుంది. ఆ ధైర్యమే చివరికి కొంప ముంచింది.

రెండువేల నాలుగులో కొడుకు భరత్ మదనపల్లె టమాటా మండీలో పనికి కుదిరాడు. సాయంత్రాలు జిమ్ముకు పోయేవాడు. అక్కడి మాస్టరు ఇచ్చాడని చిన్న సూదిమందు సీసాలు తెచ్చాడు.

"బలానికమ్మా. నాకు ఎనక్కి అందదు, నువ్వెయ్యి" అన్నాడు.

కాస్త నీరసమైతే చాలు, సూది వేయించుకుంటే గానీ తృప్తిపడని ఊరు అది. సిద్ధమ్మ ఎందుకు అనుమానిస్తుంది? ఆదివారం ఆదివారం తనే పిర్రకు వేసింది. కొడుకు భుజాలు ఉబ్బుతుంటే మురిసిపోయి ఎర్రనీళ్లతో దిష్టి తీసింది. పిచ్చితల్లి!

వాడికి తగిలింది దిష్టే అయితే ఎంత బాగుండేది! కూరలో ఉప్పు తగ్గిందని కంచం విసిరికొట్టాడు. దారికి అడ్డమొచ్చిందని దూడను తన్నాడు. అది మళ్లీ లేవలేదు. ఒళ్లు వేడి చేసిందనుకుంది సిద్ధమ్మ. నడినెత్తిన ఆముదం పెట్టింది, చెంబులకొద్దీ మజ్జిగ తాపింది. సూది మాత్రం మానలేదు.

కోడలు సుప్రజ ఒకరోజు దొడ్లో ఆమెను పట్టుకుంది. "వేడి కాదత్తా. ఆ సూదులు మొదలైనప్పట్నించే ఈ మడిసి ఇట్లయిపోయినాడు. ఎయ్యొద్దు. నన్ను సంపేస్తాడు."

"నా సేత్తో నేను ఏస్తాండాను. కన్నబిడ్డకు ఇసమేస్తానా?" అని కసిరింది సిద్ధమ్మ.

ఆ వారమే చొక్కా ఉతకలేదని భరత్ సుప్రజ చెయ్యి విరిచాడు. కట్టుతో వచ్చిన కోడల్ని చూశాక సిద్ధమ్మకు ఆ సూదుల సంగతి అర్థమైంది. తంబళ్లపల్లె బస్సెక్కించి పుట్టింటికి పంపేసింది. ఇంటికొచ్చి, మిగిలిన సీసాలన్నీ బండకేసి పగలగొట్టింది.

ఆదివారం పొద్దున భరత్ గూట్లో వెతికాడు. "సీసాలు యాడమ్మా?"

"పగలగొట్నాను నాయనా. ఇంక వద్దు మనకు."

వాడు అరవలేదు. పోయి తలుపు గడియ పెట్టి వచ్చాడు. సిద్ధమ్మ గోడకు ఆనుకుంది. మీదికి వస్తున్న ఆ చేతుల వైపే చూస్తూ ఉండిపోయింది. అవి ఆదివారం ఆదివారం తాను పెంచిన చేతులే.