హరినాథ్ అంచనా

రొయ్యల మేత అమ్మే, సొంతానికో రొయ్యల గుంట కూడా ఉండే హరినాథ్ జేబులో రెండు సెల్‌ఫోన్లు, నోట్లో నాలుగు ఇంగ్లీషు ముక్కలు లేకుండా టీ అంగడికి రాడు. గ్లాసు ఊదుకుంటా, కళ్ళు సగం మూసి, రొయ్యల రేటు ఎట్టుంటదని ఎవరడిగినా "వోలటైల్" అంటాడు. గుచ్చి అడిగితే "కన్సాలిడేషన్" అంటాడు. తీరా రేటు పడినాక "కరెక్షన్! నేనప్పుడే చెప్పలా?" అంటాడు. ఏం చెప్పినాడో అర్థమైతే గదా, కాదనడానికి! మొన్న మహాలక్ష్మి గుంటలో రొయ్య పట్టుబడికొచ్చింది. "రేపే పట్టించేదా, వారం ఆగేదా అబ్బయా? ఒక్క మాట చెప్పు" అని ఆమె నోరు నొప్పిపుట్టేలా అడిగింది. "షార్ట్ టర్మ్ ప్రెషరుందక్కా. ఔట్‌లుక్ మాత్రం పాజిటివ్" అన్నాడు, అరచెయ్యి గాల్లో తేలిస్తా.

తెల్లారి మహాలక్ష్మి తన గుంటకి పోతా ఉంటే, హరినాథ్ గుంట గట్టు మీద ఐసు లారీ ఆగుండాది. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి ఆయనే వలోళ్ల మీద అరస్తా ఉండాడు: "బిన్నా లాగండిరా! రేపటికి రేటు పడిపోద్ది!" ఆమెను చూసి గతుక్కుమన్నాడు. "ఇది... డౌన్‌సైడ్ రిస్క్ అంటారక్కా" అని నసిగినాడు.

"దాని తెలుగు ఇప్పుడే విన్నాలే" అని ఆమె తన వలోళ్లకు ఫోన్ కలిపింది.