పాట కింద నడిచే గొంతు

ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి, చెబుతాను. అబిడ్స్‌లో బస్సు దిగి, నాంపల్లి స్టేషన్‌కు నడిచొచ్చి వెయిటింగ్ రూములో కూర్చున్నాను. పక్కన కళ్లద్దాల ఆవిడ ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని, తెరమీది గీతలపై చుక్కలు పేర్చి, వాటినే పాటగా మోగిస్తోంది. మా చర్చి పాటే! తెలియకుండానే గొంతు కలిపాను. ఎదుటి బెంచీవాళ్లు చూసేసరికి సిగ్గుతో నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

"ఎందుకాపిన్రమ్మా?" అందావిడ.

"నాకు పాట రాదమ్మా. అందరూ ఒక దారిల పోతుంటే నా గొంతు కిందికి పోతది. ఉత్తగ పెదాలు కదుపు చాలన్నది మా పాస్టరమ్మ. ఏండ్ల సంది గట్లనే చేస్తున్న."

ఆవిడ నవ్వలేదు. "జర గిటు చూడున్రి" అంటూ తెరమీద చుక్కలన్నిటినీ ఒకేసారి ఎంచుకుని, ఒక మీట నొక్కింది. ప్రతి చుక్కకూ రెండు మెట్లు కింద ఇంకో చుక్క పుట్టింది. పైవి ఆపేసి కిందివే వినిపించింది. అచ్చంగా నేను పాడిందే!

"గిది పాటకు జోడు గొంతు. ఆల్టో అంటరు. మా చర్చి క్వయర్ల, పాటల జట్టుల, గిది పాడెటోళ్లు దొరకక తిప్పలు పడుతున్న."

ఆ మాటకు సంతోషించాలి కదా? అంతమందిలో ఏడుపొచ్చేలా ఉందని ఇంకా సిగ్గుపడి తల వంచుకున్నాను. నేను తలెత్తేలోపే రైలొచ్చి ఆవిడ వెళ్లిపోయింది.

ఇప్పటికీ చర్చిలో పాట మొదలవగానే పాస్టరమ్మ ఎటు చూస్తోందో చూసుకుంటాను. నావైపు కాదని తేలాకే ఆ జోడు గొంతును కిందినుంచి అందుకుంటాను.

మీ ఇంట్లో ఏ గొంతూ సిగ్గుతో ముడుచుకోకుండా, అందరూ నిండుగా పాడుకుంటూ చల్లగా ఉండాలి తల్లీ.