గేరులో వదిలిన ట్రాక్టరు

ఎనిమిదేళ్లుగా ఒక మాట నా లోపల కూర్చుని ఉంది. తిన్నా, పడుకున్నా, ట్రాక్టరు నడుపుతున్నా లేవదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అందుకే మీతో చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నేళ్లు ఎందుకు పడుతుంది?

మాది బాన్సువాడ పక్క పల్లె. తొంభైల చివర్లో పట్నం విమానాశ్రయంలో ప్రయాణికుల సామాను బండ్లను లాగే ట్రాక్టరు నడిపేవాణ్ణి. ఆ పని ఇప్పించింది మా ఊరి బిచ్కుంద సాయన్న. నాకంటే పదేళ్లు పెద్ద, అక్కడ పాత డ్రైవరు. తన గదిలోనే ఉంచుకున్నాడు, తను వండుకున్నదే నాకూ పెట్టాడు.

నాకు ఊరి అలవాటు ఒకటి ఉండేది. మా దగ్గర కాలువ గట్టు మీద ట్రాక్టరు ఆపితే బ్రేకును ఎవడూ నమ్మడు. ఇంజను ఆపి, ఫస్టు గేరులో పడేసి, చక్రం కింద రాయి పెట్టి దిగుతాం. గేరులో ఉన్న బండి జారదు. విమానాల దగ్గర అదే పెద్ద తప్పు. తర్వాత ఎక్కినవాడు ఆ సంగతి తెలియక తాళం తిప్పాడంటే బండి ముందుకు దూకుతుంది. అక్కడ న్యూట్రల్ చేసి, బ్రేకు గుంజి దిగాలి. నేను రెండుసార్లు మరిచాను. రెండోసారి సాయన్న అందరి ముందే తిట్టాడు. మిగతా డ్రైవర్లు నాకు ‘నాగలి’ అని పేరు పెట్టారు. వాళ్లతో పాటు నవ్వాను గానీ, కడుపు మండింది.

ఆ రోజు మధ్యాహ్నం, డ్యూటీ మారే వేళ. ఆగి ఉన్న విమానం దగ్గర, రెక్క కింది ఇంజనుకు ఎదురుగా, నాలుగడుగుల దూరంలో ట్రాక్టరు ఆపాను. బండి ఇంజను ఆపి బ్రేకు గుంజాను. వదులుగా ఉంది, బండి మెల్లగా కదిలింది. చెయ్యి దానంతటదే గేరు వేసింది. దిగాను. సాయన్న ఎక్కుతూ అడిగాడు.

“న్యూట్రలేనా తమ్మి?”

“న్యూట్రలే అన్నా.”

“బ్రేకు?”

“గుంజిన. నువ్వు స్టార్ట్ చెయ్యి.”

అతను క్లచ్ తొక్కకుండానే తాళం తిప్పాడు. నేను న్యూట్రల్ అన్నాక ఇంకా తొక్కడం ఎందుకు? ట్రాక్టరు ఒక్క దూకు దూకింది. రేకు నొక్కుకుపోయిన చప్పుడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు, విమానంలోకి ఇంకా ఎవరూ ఎక్కలేదు. ఇంజను తొడుగు మాత్రం మూరెడు మేర సొట్టపోయింది. ఆ విమానం ఆ రోజు లేవలేదు. సాయన్న సీటు మీదే తన చేతులు చూసుకుంటూ కూర్చుండిపోయాడు.

విచారణలో పెద్దసారు నన్ను అడిగితే, న్యూట్రల్‌లోనే దిగానని చెప్పాను. సాయన్న నా వైపు చూశాడు. వీడికి గేరులో వదిలే రోగం ఉందని ఇప్పుడు చెప్పేస్తాడు, నా పని అయిపోయింది అనుకున్నాను. అతనేమన్నాడో తెలుసా?

“తమ్ముడు అబద్ధమాడడు సార్. ఎక్కేటప్పుడు నా మోకాలే గేరుకు తగిలినట్టుంది.”

అతని కొలువు పోయింది, ఊరికి తిరిగొచ్చేశాడు. నాది నిలిచింది. నాలుగేళ్ల తర్వాత నేనూ వచ్చేసి, సొంత ట్రాక్టరు కొని కిరాయికి తిప్పుతున్నాను. సాయన్నను ఊళ్లో ‘ఇమానం సాయన్న’ అంటారు. హోటల్ దగ్గర ఎవడో ఒకడు ఆ మాట అంటాడు, అందరూ నవ్వుతారు, సాయన్న కూడా నవ్వుతాడు. నేను తేలు కుట్టిన దొంగలా చాయ్ మింగుతాను. ఇదేం బతుకు?

అతను మళ్లీ ట్రాక్టరు ఎక్కలేదు. తన మడి దున్నడానికి నన్నే పిలుస్తాడు, వేరేవాళ్లను రానివ్వడు. మొన్న గట్టు మీద సద్ది తింటూ, “నువ్వే నడపొచ్చు కదా అన్నా,” అని నోరు జారాను. “నా ఒంటి మీద నాకే నమ్మకం లేదు తమ్మి,” అన్నాడు. కొలువు పోతే ఇంకొకటి దొరుకుతుంది. మనిషికి తన ఒంటి మీద ఉండే నమ్మకాన్ని తీసేసింది నేను. దాన్ని ఎక్కణ్ణుంచి తెచ్చివ్వను?

మరిచిపోయి న్యూట్రల్ అన్నానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అలవాటులో వేశాను, అలవాటుగా అన్నాను, ఇందులో పాపమేముంది అని. నిజంగా మరిచానా? ఇంతదూరం వచ్చి మీకూ అబద్ధమే చెప్పనా?

లేదు. అతను అడిగినప్పుడు నాకు గుర్తుంది. గేరు వేసి నిమిషం కూడా కాలేదు. మళ్లీ తిట్లు పడతాయని, మళ్లీ నవ్వుతారని అలా అన్నాను. ఎలాగూ క్లచ్ తొక్కుతాడులే అనుకున్నాను.

సాయన్న మోకాలు దేనికీ తగల్లేదు. గేరు వేసింది నేను. తెలిసి అబద్ధమాడింది నేను. ఇది చదివి మీరు నన్ను క్షమించనక్కర్లేదు, ఆ హక్కు మీది కాదు కూడా. రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. రేపు పొద్దున్నే అతని మడికి వెళ్లాలి.