బ్రేకు తొక్కిందెవరు

దయ్యాలు, ఆత్మలు అంటూ ఎవరైనా మొదలుపెడితే మధ్యలోనే లేచి వెళ్లిపోయే రకం నేను. ఐటీఐలో డీజిల్ మెకానిక్ పాఠాలు చెబుతాను. బండి ఎందుకు ఆగిందో తెలియలేదంటే మనం సరిగా వెతకలేదని అర్థం, అంతేగాని బండికి ఏదో పట్టిందని కాదు అని క్లాసులో చెబుతుంటాను. ఇప్పటికీ అదే చెబుతున్నాను. అందుకే ఈ సంగతి రాయాలా వద్దా అని చాలాకాలం తటపటాయించాను.

మాది మెదక్. మా అన్న యాదగిరి, నేను ఒకే ఇంట్లో పక్కపక్క వాటాల్లో ఉండేవాళ్లం. అన్న చిన్న వయసులోనే లారీ మీద క్లీనర్‌గా చేరాడు, ఆ తర్వాత చాలా ఏళ్లు డ్రైవర్‌గా తిరిగాడు. నడుము నొప్పి పడలేక ఆ పని మానేసి ఊళ్లోనే వెల్డింగ్ షాపు పెట్టుకున్నాడు. మనసు మాత్రం లారీల మీదే ఉండేది. అందులోనూ ముందు పొడుగాటి ముక్కుండే పాతకాలపు లారీలంటే ప్రాణం.

శంకరంపేట వైపు ఒక రైస్ మిల్లు వెనక అలాంటిదొకటి తుప్పు పట్టి పడి ఉందని ఎవరో చెప్పారు. వెళ్లి చూస్తే బోనెట్ లోపలి నుంచి వేపమొక్క పైకి పెరిగి ఉంది. అద్దాలు లేవు, తలుపులు లేవు, సీటు స్ప్రింగుల్లో తొండలు. అన్న దాని చుట్టూ తిరుగుతూ పెళ్లికూతురిని చూసినట్టు చూశాడు. దాన్ని ఇంటికి తెచ్చి, వెనక ఖాళీ స్థలంలో రేకుల షెడ్డు వేసుకున్నాం.

ఉన్నదాన్ని ఉన్నట్టు బాగుచేయడం అన్న ఉద్దేశం కాదు. ఛాసిస్, అంటే కింది చట్రం, కోసి పొట్టి చేయాలి, చిన్న లారీ ఇంజన్ బిగించాలి, వెనక బాడీకి ఒక పక్క పైకి లేచే తలుపు పెట్టాలి. రామాయంపేట హైవే పక్కన నిలిపి చాయ్, టిఫిన్లు అమ్మాలి. నడిపేది తను, వండేది మా వదిన సుగుణ. వదిన మొదట్లో నవ్వి ఊరుకుంది. తర్వాత తనే ఉప్మా రవ్వ డబ్బా ఎక్కడ ఉండాలో, పొయ్యి ఎంత ఎత్తుండాలో వచ్చి చెప్పేది. రంగు కూడా తనే ఎంచింది, నెమలికంఠం రంగు.

సెలవు రోజుల్లో, సాయంత్రాల్లో పని చేసేవాళ్లం. ఆ మోడల్ తలుపులు ఎక్కడా దొరకలేదు. అన్న ఇసుక బస్తా మీద రేకు పెట్టి చెక్కసుత్తితో కొట్టి కొట్టి వంపు తెచ్చాడు. ఇంజన్, గేర్లు, బ్రేకులు నా వంతు.

బండికి రంగు పడింది, ఇంజన్ స్టార్ట్ అయింది. బ్రేకుల పని ఒక్కటే మిగిలింది. అప్పుడే అన్న పోయాడు. మనోహరాబాద్‌లో చుట్టాల ఇంటికి వెళ్లి వచ్చి, ఛాతీలో మంటగా ఉందని కూర్చున్నాడు. దవాఖానకు తీసుకుపోయాం. మళ్లీ ఇంటికి నడిచి రాలేదు.

ఏడాది దాకా ఆ షెడ్డు తలుపు ఎవరూ తీయలేదు. వదిన అయితే అటువైపు ఆరేసే బట్టలు కూడా ఇటు ముందు వాకిట్లో ఆరేయడం మొదలుపెట్టింది.

తర్వాత హైదరాబాద్ నుంచి ఒక హోటల్ యజమాని వచ్చాడు. బండిని హోటల్ ముందు అలంకారంగా పెట్టుకుంటానన్నాడు. నడిచే స్థితిలో ఉంటేనే తీసుకుంటానని షరతు పెట్టాడు. నేను వదినను అడిగాను.

"ఉంచుకొని ఏం జేస్తం శ్రీను. ఇచ్చేయ్. కంటికి కనబడకుంటే మంచిది" అంది.

కాబట్టి బ్రేకులు పూర్తి చేయాల్సి వచ్చింది. ఇక్కడ కొంచెం వివరించాలి. బ్రేకు గొట్టాల్లో నూనె ఉంటుంది. అందులో గాలి చేరితే పెడల్ మెత్తగా దిగిపోతుంది, బండి ఆగదు. ఆ గాలి తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు క్యాబిన్‌లో కూర్చుని పెడల్ తొక్కి పట్టుకోవాలి. ఇంకొకరు బండి కింద పడుకుని చక్రం దగ్గర చిన్న స్క్రూ వదులు చేయాలి. బుడగలు వస్తాయి. స్క్రూ బిగించాకే పైనున్నవాళ్లు పెడల్ వదలాలి. ముందే వదిలితే గాలి మళ్లీ లోపలికి పోతుంది.

అది ఆదివారం మధ్యాహ్నం. నా భార్య పిల్లలను తీసుకుని పుట్టింటికి వెళ్లింది. వేరే ఎవరూ లేక వదినను పిలిచాను. చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. అన్న పోయాక ఆమె ఆ షెడ్డులో అడుగుపెట్టడం అదే మొదటిసారి. డ్రైవర్ సీటు కొత్తది, మీద పాలిథిన్ కవరు ఇంకా తీయలేదు. ఆమె ఎక్కి కూర్చుంటే అది కరకరలాడింది.

"నేను తొక్కు అంటే తొక్కి పట్టు. వదులు అనేదాంక వదలకు" అని చెప్పి నేను కిందికి దూరాను. నూనె తగ్గకుండా బ్రేకు నూనె తొట్టి మీద నిండు సీసా ఒకటి బోర్లించి ముందే కట్టి పెట్టాను కాబట్టి మధ్యలో పైకి లేవాల్సిన పని లేదు.

వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టాను. తొక్కు అన్నాను. పైన పాలిథిన్ కవరు చప్పుడైంది, ఆ వెంటనే తలుపు రేకు మీద అరచేత్తో ఒక్క దెబ్బ. తొక్కాను అని చెప్పడానికి. లారీల మీద పనిచేసినవాళ్లకు ఉండే అలవాటే అది. వదిన అన్నను చూసి నేర్చుకుందేమో అనుకున్నాను. స్క్రూ తిప్పితే నూనెతో పాటు బుడగలు వచ్చాయి. నేను బిగించేలోపే పెడల్ లేచిపోయింది.

"అప్పుడే వదలకు వదినా. నేను చెప్పిందాంక పట్టు" అన్నాను. వేరే బండ్ల బ్రేకులు చేసేటప్పుడు అన్నతో కూడా ఇదే తంటా ఉండేది. ఓపిక లేని మనిషి, చెప్పకముందే కాలు తీసేసేవాడు.

రెండోసారి కూడా అంతే. మూడోసారి నుంచి సరిగా కుదిరింది. తొక్కు అంటే దెబ్బ, వదులు అంటే కవరు చప్పుడు. అలా ఒక్కో చక్రం పూర్తి చేసుకుంటూ ముందుకు వచ్చాను. చివరిది కుడి ముందు చక్రం. అక్కడ పడుకుంటే పెడల్ నుంచి వచ్చే రాడ్డు నా ముఖానికి దగ్గర్లోనే ఉంటుంది. నేను తొక్కు అన్నప్పుడల్లా ఆ రాడ్డు ముందుకు జరగడం, వదులు అన్నప్పుడు వెనక్కి రావడం కళ్లారా చూశాను. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే దీని మీదే నాకు తర్వాత నిద్ర పట్టలేదు.

అయిపోయింది వదినా, దిగు అంటూ బయటికి వచ్చాను. క్యాబిన్‌లో ఎవరూ లేరు.

దిగి వెళ్లిందేమో అనుకుని ఇంటి ముందుకు వెళ్లాను. వదిన అరుగు మీద కూర్చుని పక్కింటి సత్తెమ్మతో కలిసి చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ముందున్న గిన్నె సగానికి పైగా నిండింది.

"ఎప్పుడు దిగినవ్ వదినా?"

"అప్పుడే దిగిన. నువ్వు కిందికి దూరంగనే. నాతోని గాదు శ్రీను, ఇంకోరిని పిలువు అని చెప్పిన గద. నువ్వు ఆఁ అంటివి."

నాకు ఆమె అలా అన్నట్టు గుర్తు లేదు. పనిముట్లు సర్దుకుంటూ ఊరికే ఆఁ అని ఉండొచ్చు, ఆమె మాట వినిపించుకోలేదేమో. సత్తెమ్మను అడిగాను.

"గప్పటిసంది ఈడనే ఉన్నది బిడ్డా. కండ్లల్ల నీళ్లు వెట్టుకొని వచ్చింది. నేనే కూసోబెట్టిన" అంది.

వెనక్కి వెళ్లి క్యాబిన్ ఎక్కాను. చేత్తో పెడల్ నొక్కి చూశాను. కొంచెం దిగి రాయిలా ఆగిపోయింది. గొట్టాల్లో ఎక్కడా గాలి లేదు. సీసాలో నూనె తగ్గింది. షెడ్డుకు ఉన్నది ఒకటే తలుపు, నేను చక్రం దగ్గర పడుకున్నాక ఎవరు వచ్చినా నా కాళ్లు దాటుకునే రావాలి.

నాకు తెలిసిన చదువంతా వాడి చూశాను. బోర్లించిన సీసా నుంచి నూనె తన బరువుకు తానే దిగుతూ గాలిని కొంత బయటికి నెట్టగలదు, నిజమే. కానీ అది చుక్కలు చుక్కలుగా కారుతుంది. నా మాట విని ఎగజిమ్మదు, నా మాట విని ఆగదు. ఎండకు రేకు చప్పుడు చేస్తుంది, అదీ నిజమే. మరి రాడ్డు సంగతేమిటి?

వదినకు చెప్పకూడదనే అనుకున్నాను. కానీ సాయంత్రం చాయ్ ఇస్తూ నా ముఖం చూసి ఏమైందని అడిగింది. దాచలేకపోయాను. ఆమె భయపడలేదు, ఏడవలేదు. గ్లాసు కింద పెట్టి, "మల్ల ఒక్కసారి తొక్కమను. నేను పక్క సీట్ల కూసుంట" అంది.

వద్దన్నాను, వినలేదు. వెళ్లి డ్రైవర్ పక్క సీటులో కూర్చుంది. నేను కింద పడుకుని తొక్కు అన్నాను. ఏమీ కాలేదు. ఇంకోసారి అన్నాను. రాడ్డు కదల్లేదు. ఖాళీ బండి కింద పడుకుని ఎవరికో పని చెబుతున్నందుకు నాకు సిగ్గుగా అనిపించింది.

పైనుంచి వదిన గొంతు నెమ్మదిగా వినిపించింది. "రా శ్రీను, లే. గాలి మొత్తం పోయింది గద. మల్లెందుకు తొక్కుతడు?"

మర్నాడు పొద్దున ఆమే హైదరాబాద్ హోటలాయనకు ఫోన్ చేసి బండి ఇవ్వడం లేదని చెప్పేసింది. నేను కారణం అడగలేదు.

కొన్ని వారాలకు కాగితాల పని అయ్యాక బండిని మొదటిసారి రామాయంపేట తీసుకెళ్లాను. వదిన నా పక్కన కూర్చుంది. హైవే దగ్గర అన్నకు తెలిసిన మెకానిక్ ఒకాయన ఉన్నాడు. రోడ్డు మీద నిలిపే ముందు ఇంకొకరి చేత చూపించుకోవడం నాకు అలవాటు. ఆయన బండి తీసుకుని అలా ఒక రౌండ్ కొట్టి వచ్చాడు. వదిన దిగకుండా అందులోనే కూర్చుని వెళ్లి వచ్చింది. ఆయన దిగి పెడల్ వైపు వంగి చూశాడు.

"బ్రేకులు మస్తున్నయ్. గాలి మంచిగ తీసిండ్రు. ఎవలు తొక్కిండ్రు?"

వదిన రోడ్డు వైపు చూస్తూ మామూలుగా చెప్పింది.

"మా ఆయన."

పోకముందు చేసిన పని అనుకున్నాడేమో, ఆయన తల ఊపి, చేతులు తుడుచుకుని వేరే బండి దగ్గరికి వెళ్లిపోయాడు. నేను ఆ మాట సరిచేయలేదు. అవునని కూడా అనలేదు. ఇప్పుడు వదిన ఆ బండిలోనే చాయ్, టిఫిన్ అమ్ముతోంది. ఆ రోజు ఏం జరిగిందని మీరు నన్ను అడిగితే, ఆ రాడ్డు కదలడం చూశానని మాత్రమే చెప్పగలను. ఎలా కదిలిందో నాకు ఈ రోజుకీ తెలియదు.