అమ్మ చీరల పన్నా

బెంగాల్లోని లిలువా రైల్వే క్వార్టర్లలో మా వరసకంతటికీ పొడుగు మనిషి మా అమ్మ. నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మాకు ఒక పక్క బీహారీలు, ఇంకో పక్క బెంగాలీలు. ఎవరింట్లో అటక మీది గంగాళం దించాలన్నా అమ్మకే కబురు వచ్చేది. పక్కింటి బెంగాలీ ఆవిడ "లొంబా బౌది", అంటే పొడుగు వదిన, అని పిలిస్తే అమ్మ కోపం నటిస్తూనే ఇంకాస్త నిటారుగా నిలబడేది. ఆ గర్వం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముద్దొస్తుంది.

చీరలు కొనడం దగ్గర మాత్రం పెద్ద యుద్ధం. చీరని నడుముకి ఆనించి కిందికి వదిలితే అంచు పాదాన్ని తాకాలి. లేకపోతే అమ్మకి పనికిరాదు. లిలువా బజారులో దొరికే మామూలు చీరల పన్నా ఆవిడకి చాలేది కాదు. "దాదా, ఇది సీరా, తువ్వాలా?" అని కొట్టాయన్ని దెప్పి, కొట్టంతా విప్పించి, చివరికి ఏమీ కొనకుండా లేచొచ్చేది. వెనకాల నేను సిగ్గుతో తల దించుకుని నడిచేదాన్ని. ఇప్పుడు ఎప్పుడైనా అటు వెళితే ఆ కొట్టు కోసమే వెతుక్కుంటాను.

నాన్న పోయాక అమ్మ న్యూ టౌన్‌లోని మా ఫ్లాటుకి వచ్చేసింది. ఇక్కడ కొన్న ప్రతి చీరా ఆవిడకి సరిపోయేది. ఆ సంబరం చూసి తీరాలి.

"ఇన్నాళ్ళకి ఈలకి బుద్దొచ్చింది. పన్నా పెంచినారు," అంది.

కొన్నాళ్ళకి కుచ్చిళ్ళు నేల మీద జీరాడసాగాయి. "మరీ ఇంతేటి పెంచేసినారు," అని గొణుక్కుంటూ ఇంకో మడత బొడ్లో దోపుకునేది. నడ్డి నొప్పి అంటే బామ్ రాసేదాన్ని. వయసు మీద పడింది కదా అనుకునేవాళ్ళం ఇద్దరం.

ఆ ఏడు దుర్గాపూజకి అమ్మ ట్రంకు పెట్టెలోంచి పొందూరు చీర తీసింది. ఆవిడ పెళ్ళికి మా తాతయ్య ప్రత్యేకంగా పెద్ద పన్నాతో నేయించిన నూలు చీర అది. కట్టుకుని అద్దం ముందుకు వచ్చేసరికి దాని అంచు కూడా నేల మీద పడి ఉంది.

"ఉతికి ఉతికి సాగిపోనాది," అంది.

నూలు చీర ఉతికితే కుంచించుకుపోతుందే గానీ సాగదని నాకు చెప్పింది ఆవిడే. తగ్గింది అమ్మ.

డాక్టరు ఎక్స్‌రే చూపించాడు. వెన్నుపూసలు కొన్ని నలిగి, ఒకదాని మీద ఒకటి కుదించుకుపోయాయి. ముట్టు ఆగాక ఎముకలు గుల్లబారితే ఎక్కడా పడక్కర్లేదట, వంగి బకెట్టు ఎత్తినా చాలట. మందులు రాసి, రోజూ కాసేపు ఎండలో నడవమన్నాడు. బరువులు ఎత్తొద్దన్నాడు. జారిపడితే తుంటి విరిగి మంచం పట్టే ప్రమాదం ఉందన్నాడు. అమ్మ అన్నీ విని నా వైపు తిరిగింది.

"పోయిన ఎత్తు మల్లీ వస్తాదేటో అడుగు."

అడిగాను. రాదన్నాడు. ఉన్నది మాత్రం నిలబెట్టుకోవచ్చన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు క్యాబులో అమ్మ ఉన్నట్టుండి అడిగింది.

"మరి నీ సంగతేటి?"

"నాకేమైంది, బాగానే ఉన్నాగా?"

"నానూ బాగానే ఉన్నాననుకున్నాను. నీకు ముట్టు ఆగిపోయి ఎన్నాళ్ళయింది? నువ్వూ సూపించుకో."

నేను వాయిదా వేస్తూ వచ్చాను. అమ్మ వదల్లేదు. అన్నం ముందు కూర్చున్నా అదే పాట. ఆ పోరు పడలేక ఎముకల సాంద్రత పరీక్ష చేయించుకున్నాను. పలచబడటం మొదలైందన్నారు. ఇప్పటినుంచే జాగ్రత్తపడితే నిలబెట్టుకోవచ్చన్నారు.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పాను. అమ్మ గోడ పట్టుకుని లేచి నా ఎదురుగా వచ్చి నిలబడింది. నేను నాన్న పోలిక, పొట్టిదాన్ని. ఎంత ఎదిగినా అమ్మ చెవి దాటలేదు. ఇప్పుడు ఆవిడ తలెత్తి నా మొహంలోకి చూస్తోంది. చెయ్యి పైకి చాచి నా నడినెత్తి మీద పెట్టింది.

"ఇక్కణ్ణించి దిగకు," అంది.